మీర్ జుమ్లా మాకేమవుతాడు?

పాత కోటలూ గుళ్లూ చూడ్డానికి బయల్దేరేవాళ్లకు ఒక సుఖం ఉంటుంది. చూసిందంతా తమదే అనుకోవచ్చు. గోపురం ముందు నిలబడి 'మన రాయలవారు' అనొచ్చు. కూలిన గోడ ముందు నిలబడి ఒక నిట్టూర్పు విడవొచ్చు. మాకు ఆ సుఖం లేదు. మేం నిట్టూరిస్తే దొంగ ఏడుపంటారు. నిట్టూర్చకపోతే 'చూశారా వీళ్లు!' అంటారు.

మేం నలుగురం మొన్నటి చలికాలంలో రాప్తాడు నుంచి బాడుగ కారు మాట్లాడుకొని మూడు రోజులు తిరిగాం. మొదటి రోజు పెనుకొండ, లేపాక్షి. రెండో రోజు గుత్తి, తాడిపత్రి మీదుగా గండికోట. మూడో రోజు తిరుగుదారిలో గూగూడు. నలుగురిలో ఇద్దరు షేక్‌లు, ఒకరు సయ్యద్, ఒకరు దూదేకుల. ఈ లెక్క ఎందుకు చెప్తున్నామో ముందు తెలుస్తుంది. బాడుగ మాట్లాడేటప్పుడు కారు యజమాని మా పేర్లు రాసుకొని, 'దర్గాలకా?' అన్నాడు. కాదు, కోటలూ గుళ్లూ చూడాలన్నాం. తల ఎత్తి మమ్మల్ని ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. ఆ చూపుకు ఆయన్ను తప్పుపట్టలేం. ఆయన చదివింది మేం చదివిన పుస్తకాలే.

మేం ఇక్కడ రాస్తున్నది యాత్రా విశేషాలు కాదు. ఈ ఊళ్ల గురించి తెలుగులో ఉన్న రాతల మీద మా ఫిర్యాదు. బోర్డులు, గైడ్ల మాటలు, టూరిజం కరపత్రాలు, శిథిలాల మీద అల్లిన కావ్యాలు, మత సామరస్యం మీద వచ్చే పత్రికా వ్యాసాలు అన్నీ ఇందులోకే వస్తాయి. కారు తలుపు తీసి దిగిన ప్రతిచోటా ఈ రాతలు మాకంటే ముందే దిగి ఉన్నాయి.

పెనుకొండ దారంతా పాత ఏడో నంబరు, ఇప్పటి నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి. రాప్తాడు దాటితే వేరుశనగ చేలు. పంట వచ్చిన ఏడు తక్కువ, ఎండిన ఏళ్లు ఎక్కువ. ఏడాది మొత్తానికి ఐదున్నర వందల మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, అదీ పదునులో పడదు. ఈ దారి బెంగుళూరుకు కూలికి పోయేవాళ్ల దారి. దారికి అటూ ఇటూ పంచర్ షాపులు, వెల్డింగ్ షెడ్లు, టీ బంకులు. బోర్డుల మీది పేర్లలో మావాళ్లవీ తక్కువేమీ కాదు. ఎర్రమంచి దగ్గర కొరియావాళ్ల కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. అక్కడ దారి వెడల్పయింది, హోటళ్ల ధరలు పెరిగాయి. ఇవేవీ 'చారిత్రక ప్రదేశాలు' అనే కరపత్రంలోకి రావు. కరపత్రంలో చరిత్ర 1565లో ఆగిపోతుంది.

ఆ సంవత్సరం జనవరిలో రక్కసి తంగడి యుద్ధం. అళియ రామరాయలు చనిపోయాక, తమ్ముడు తిరుమలరాయలు ఉన్న సొమ్ము ఏనుగుల మీద వేసుకొని పెనుకొండ చేరాడు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. ఆ పెనుకొండ మీద పుట్టపర్తి నారాయణాచార్యులు 'పెనుగొండ లక్ష్మి' రాశారు. ఆయన 1914లో పుట్టిన చియ్యేడు మాకు పక్క ఊరి లాంటిదే. మీసం సరిగా రాని వయసులో రాసిన కావ్యం అది. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన పుస్తకమే తనకు పాఠ్యగ్రంథమైందని మా సీమలో ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటారు. మేమూ చెప్పుకుంటాం. ఆయన భాషా సంపద మీద మాకు పేచీ లేదు. కొడాలి వెంకట సుబ్బారావు 'హంపీ క్షేత్రం' దగ్గరా పేచీ లేదు. మా పేచీ ఆ కోవలో వచ్చిన సాహిత్యం మొత్తం అలవాటు చేసిన ఏడుపుతో.

శిథిలం ముందు ఏడ్వాలంటే ఒక కూల్చినవాడు కావాలి. తెలుగులో ఆ కూల్చినవాడికి ఊరు ఉండదు, పేరు ఉండదు, కారణం ఉండదు. 'తురక' అని ఒక్కమాట ఉంటుంది. బళ్లో అలాంటి పాఠం వచ్చినరోజు ముందు బెంచీల పిల్లలు వెనక్కి తిరిగి మా మొహాలు చూసేవాళ్లు. అయ్యవారికి అందులో ఏ దురుద్దేశమూ లేదు. పద్యాన్ని రాగయుక్తంగా చదివాడు, అంతే. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసినప్పుడు మాలాంటివాళ్లం ఎందుకు ఉలిక్కిపడ్డామో ఆ బెంచీల మీద కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఈ రాతల వ్యాకరణం చూడండి. రాయలకు పేరుంటుంది, మతం అడగరు. సుల్తానుకు మతం ఉంటుంది, పేరు అడగరు. కృష్ణదేవరాయలు గజపతి మీదికి పోయి 1514లో ఉదయగిరి పట్టుకొని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి గుడి కట్టించాడు. దాన్ని 'తెచ్చి ప్రతిష్ఠించాడు' అని రాస్తారు. గెలిచినవాడు ఓడినవాడి దేవుణ్ణి పట్టుకుపోవడం ఆనాటి రాచరికపు అలవాటు. దాన్ని ఎవరూ 'హిందూ దండయాత్ర' అని రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. మరి పక్క పేజీలోనే 'మహమ్మదీయ దండయాత్ర' ఎట్లా వచ్చింది? క్రియాపదం మారితే చాలు, చరిత్ర మారిపోతుంది.

రామరాయల్ని ఓడించిన నలుగురు సుల్తానుల్లో ఒకడు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా. రాజ్యం దక్కక ముందు ప్రాణభయంతో పారిపోయి ఏడేళ్లు తలదాచుకున్నది విజయనగరంలోనే, ఈ రామరాయల నీడలోనే. తెలుగు నేర్చాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడన్నారు. అచ్చతెలుగులో మొదటి కావ్యమని చెప్పే యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన అంకితమిచ్చింది అమీన్ ఖానుకు. అన్నం పెట్టినవాడి మీదికే ఆ మల్కిభరాముడు కత్తి దూశాడు. అది రాజుల నీతి. అందులో నమాజూ లేదు, పూజా లేదు. సాహిత్య చరిత్రలో ఆయన్ను మల్కిభరాముడని మెచ్చుకొని, పది పేజీల తర్వాత రాజకీయ చరిత్రలో 'తురక మూకలు' అంటారు. ఇద్దరూ ఒక్కడే అని పిల్లలకు ఎవరూ చెప్పరు.

పెనుకొండలో గగన్ మహల్ చూశాం. మొనదేలిన కమానులు. పేరులో సగం సంస్కృతం, సగం అరబ్బీ. రాయలవారి మహలు కమానుల మీద ఎందుకు నిలబడిందని అడిగేవాడు మాకు కనపళ్లేదు. బాబయ్య దర్గాకు పోతే అక్కడ సగం మందికి బొట్టుంది. తిరుచిరాపల్లి నత్తర్‌వలీ శిష్యుడని చెప్పుకునే బాబా ఫక్రుద్దీన్ జనం నోళ్లలో నలిగి బాబయ్య అయ్యాడు. ఆ పేరు పెట్టుకున్న రెడ్లూ బోయలూ కురుబలూ మాకు తెలుసు.

లేపాక్షిలో మేం ఎక్కువసేపు ఉన్నాం. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటో దిగే వరుసలో మేమూ నిలబడ్డాం, అబద్ధమెందుకు. అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ కట్టించిన గుడి. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. కప్పు మీది బొమ్మలు చూస్తూ మెడ నొప్పి పుట్టింది. గైడు విరుపణ్ణ కళ్లు పీక్కున్న కథ చెప్పాడు, గోడ మీద ఎర్ర మరక చూపించాడు. విరుపణ్ణ నెత్తి మీద ఏముందో చెప్పలేదు.

నెత్తి మీద ఉన్నది కుళ్లాయి. పొడవుగా, నిట్టనిలువుగా లేచిన టోపీ. కుళ్లాయి మాట పర్షియన్ 'కులాహ్' నుంచి వచ్చింది. విజయనగరం కొలువులో పెద్దమనుషులు తలకు పెట్టుకున్నది అదీ, ఒంటికి తొడుక్కున్న కబాయి అరబ్బు 'కబా'. కన్నడ రాజ్యంలో కొలువుకెళ్లి ఈ కుళ్లాయీ ఆ చొక్కా తొడుక్కోవలసి వచ్చిందని విసుక్కునే చాటువు ఒకటి శ్రీనాథుడి పేరుమీద తెలుగు చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. విజయనగర రాజులకు 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదుండేది. సురత్రాణుడంటే సుల్తానే. రాజుల్లో సుల్తానునని చెప్పుకోవడం వాళ్లకు గొప్ప. ఫిలిప్ వాగనర్ అనే అమెరికా పండితుడు 1996లో ఈ బట్టల మీదా బిరుదుల మీదా ఒక పెద్ద వ్యాసమే రాశాడు. వీరభద్రుడి ముందు విరుపణ్ణ టోపీ పెట్టుకొనే నిలబడ్డాడు. ఆ టోపీ వల్ల ఆయన హిందుత్వానికి లోటు రాలేదు. ఇవాళ టోపీ పెట్టుకున్నవాడు కారు దిగితే గుడిముందు పూలమ్మే ఆమె కూడా ఒక క్షణం తటపటాయిస్తుంది.

ఇక్కడిదాకా మా కారులో అందరిదీ ఒకే మాట. గొడవ మరుసటి రోజు మొదలైంది.

గుత్తి గురించి ఎక్కువ చెప్పం. మురారిరావు ఘోర్పడే కోట. 1776లో హైదరలీ పట్టుకున్నాడు. టిప్పు పడిపోయాక నిజాం చేతికొచ్చి, 1800లో నిజాం కంపెనీకి దత్తం చేశాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మన్రోను మొదట పూడ్చింది ఇక్కడే. మన్రో పేరు పిల్లలకు పెట్టుకున్నారు, మన్రోలప్ప అని. పన్ను వసూలుకొచ్చిన కంపెనీవాడికి జనం గుండెలో చోటు దొరికింది. దొరకనీ, మాకు ఏడుపు లేదు. కంపెనీ పాలనను ఎవరూ 'కిరస్తానీ దండయాత్ర' అనరన్న సంగతి మాత్రం బుర్జు ఎక్కుతూ గుర్తుచేసుకున్నాం.

గండికోటలో పెన్న లోయ చూసి మాటలు రాలేదు. అమెరికా లోయ పేరు తగిలిస్తేగాని దీన్ని అమ్ముకోలేమనుకునే కరపత్రాల మీద జాలేసింది. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథుడి గుడి, ధాన్యాగారం, జామియా మసీదు. గుళ్లలో దేవుడు లేడు, మసీదులో జమాత్ లేదు. మీనార్ల నీడలో మేం నిలబడి ఉండగా మాలోని సయ్యద్ మిత్రుడు గొంతు తగ్గించి అన్నాడు: 'చూడండి, మనవాళ్లు ఎంత అందంగా కట్టారో!'

దూదేకుల మిత్రుడు వెంటనే అందుకున్నాడు. 'ఎవరు భాయ్ మనవాళ్లు? మా తాత ఈ మసీదుకొస్తే ముందు వరసలో నిలబడనిచ్చేవాళ్లా? మీ ఇంట్లో పిల్లనిచ్చేవాళ్లా? ఇప్పుడైనా ఇస్తారా?'

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. టూరిస్టులు ఎవరో మా పక్కన సెల్ఫీ దిగుతున్నారు.

ఈ వ్యాసం రాయాలనిపించింది అక్కడే. గండికోటను 1650లో పెమ్మసాని నాయకుల నుంచి పట్టుకున్నది గోల్కొండ సేనాని మీర్ జుమ్లా. 1652లో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాసిపెట్టాడు. మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలు పోగేయించి, ఒక ఫ్రెంచి ఫిరంగివాడి చేత ఫిరంగులు పోతపోయించే పని పెట్టాడని. ఇది మేం దాచం. మావైపు నుంచి రాసేవాళ్లు కొందరు ఇలాంటివి దాటేసి, అంతా ప్రేమగా సాగిందని రాస్తుంటారు. అదీ అబద్ధమే. విగ్రహం కరిగింది. దానికి మొక్కినవాడి కడుపు మండి ఉంటుంది. ఆ మంట నిజం.

మరి మీర్ జుమ్లా మాకేమవుతాడు? ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో పుట్టాడు. వజ్రాల వ్యాపారంలో గడించి గోల్కొండలో పెద్ద పదవికొచ్చాడు. ఆ గోల్కొండనే వదిలేసి మొఘలుల వైపు దూకాడు. రాప్తాడు చేలల్లో ఒంగి చెనక్కాయలు పీకిన మా నానీలకు ఈయన ఏ వరస? విల్లు భుజానేసుకొని ఊరూరా పరుపుల దూది ఏకిన దూదేకుల తాతకు ఈయన ఏ చుట్టం? ఆయన ఏ ఫర్మానాలో మా తాతల పేరుంది? ఆయన చేసిన పనికి మమ్మల్ని బోనులో నిలబెట్టేవాళ్లు ఎంత తప్పో, ఆయన కోటలో మా మీసాలు దువ్వుకోవాలనుకునే మేమూ అంతే తప్పు. సుల్తానుల్ని మా నెత్తిన ఎక్కించినవాళ్లు వేరే అయితే, దించకుండా మోస్తున్నది మేమే. మోస్తే మాకు ఏదో ఎత్తు వచ్చినట్టుంటుంది. సయ్యద్, షేక్, పఠాన్ మెట్లు దిగకుండా ఉండటానికి ఆ ఎత్తు పనికొస్తుంది. నూర్‌బాషీయుల్ని సగం ముస్లింలని చూసే కన్ను మాలోపల ఉన్నంతకాలం మెజారిటీ కన్ను గురించి మేం రాసే రాతల్లో బలం ఎక్కడిది? సర్కారు జాబితాలో వాళ్లు బీసీ-బీలో ఎప్పటినుంచో ఉన్నారు. 2007లో బీసీ-ఈ వచ్చేదాకా మిగతా పేద ముస్లింలలో చాలామంది ఏ లెక్కలోనూ లేరు. ఆ జాబితాలో మాత్రం సుల్తానుల వారసులమని ఎవరూ రాయించుకోలేదు.

ఆ రాత్రి బసలో సయ్యద్ మిత్రుడు, 'నేనన్నది కట్టడం గురించే' అన్నాడు. దూదేకుల మిత్రుడు, 'కట్టిన రాళ్లు మోసింది ఎవరో అది చెప్పు' అన్నాడు. ఆ మాట దగ్గర ఇద్దరూ చల్లబడ్డారు. రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాధవరాయస్వామి గుడిలోనూ లేవు, మసీదులోనూ లేవు.

ఇక రెండో రకం రాత, మా స్నేహితులు రాసేది. ఇది కాస్త ఇబ్బందైన మాట, అయినా చెప్పాలి. ఏటా ఉగాదికి దేవుని కడపలో బురఖా ఆడవాళ్లు వెంకటేశ్వరుడికి టెంకాయ కొడుతున్న ఫొటో పత్రికల్లో వస్తుంది. బీబీ నాంచారి మా ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అని వాళ్లు పోతారు. అది నిజమే, అందమైన నిజమే. కానీ ఉగాది మర్నాటి నుంచి మళ్లీ ఉగాది దాకా ఆ పేజీలో వాళ్ల ఊసుండదు. వాళ్ల వీధిలో మంచినీళ్లు ఎన్ని రోజులకొస్తాయో రాదు. వాళ్ల పిల్లలు ఏ తరగతిలో బడి మానేస్తున్నారో రాదు. ఏడాదికొకసారి సామరస్యానికి సాక్ష్యం చెప్పడం మా డ్యూటీ అయింది. గుడికి పోని ముస్లిం, పీర్లకు మొక్కని ముస్లిం ఈ వ్యాసాల్లో ఎక్కడా కనపడడు. వాడు అనుమానం పేజీలోకి పోతాడు. టెంకాయ కొట్టకపోయినా మేం ఈ ఊరివాళ్లమే కదా!

మూడో రోజు తాడిపత్రి మీదుగా నార్పల మండలం గూగూడు చేరాం. మొహర్రం నెల కాదు కాబట్టి ఊరు నెమ్మదిగా ఉంది. ఆ పది రోజుల్లో ఆంధ్ర నుంచీ కర్ణాటక నుంచీ వచ్చే జనంతో ఇక్కడ కాలు పెట్టలేం. పీరు పేరు కుళ్లాయిస్వామి, కుళ్లాయప్ప. లేపాక్షి కప్పు మీద విరుపణ్ణ నెత్తిన చూసిన మాటే మళ్లీ ఇక్కడ దేవుడి పేరై కూర్చుంది. అక్కడ దొరల టోపీ. ఇక్కడ చేలో పనిచేసేవాళ్లు పిల్లాడికి పెట్టుకునే పేరు. పక్కనే ఆంజనేయుడి గుడి.

అఫ్సర్ 2013లో ఈ ఊరి పీర్ల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు, 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్'. దాంట్లో మాకు నచ్చింది, సామరస్యమనే ఒక్క మాటతో ఆయన సరిపెట్టుకోకపోవడం. పీర్లు అసలైన ఇస్లాం కాదని మందలించే మావాళ్ల గొంతునూ విన్నాడు. ఆ మందలింపు మా ఇళ్లల్లోనూ ఉంది. మా నలుగురిలోనే ఇద్దరం పీర్లకు మొక్కం. మొక్కనివాళ్లిద్దరూ చావిడి బయట నిలబడ్డారు, మొక్కేవాళ్లు లోపలికెళ్లి చక్కెర చదివించుకొచ్చారు. ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చక్కెర అందరం తిన్నాం.

చావిడిలో అందరికంటే ఎక్కువసేపు ఉన్నది మా డ్రైవరు. కురుబ పిల్లాడు, పాతికేళ్లుంటాయి. మూడు రోజులూ మేం చరిత్ర గురించి కొట్టుకుంటుంటే అద్దంలో చూసి నవ్వేవాడు తప్ప నోరు విప్పలేదు. బయటికొచ్చాక, 'నా పేరు ఈ సామిదే అన్నా' అన్నాడు. ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కకపోతే వాళ్లమ్మ ఇక్కడ మొక్కుకుందట. బాడుగ కాగితం తీసి చూపించాడు. యజమాని రాసిన ఐదు పేర్లున్నాయి. మేం నలుగురం, కింద కుళ్లాయప్ప. ఆ కాగితం చూసే ఒకచోట తనిఖీలో పోలీసాయన ఐదుగురినీ దిగమన్నాడని అప్పుడు చెప్పాడు. 'నన్నూ సాయిబనే అనుకున్యాడన్నా' అని పడీ పడీ నవ్వాడు. మాకు వెంటనే నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది.

రాప్తాడులో దిగేసరికి చీకటి పడింది. లెక్కచూసి డబ్బులిచ్చాం. పిల్లాడు కారు మళ్లించి అద్దం దించాడు.

'మొహర్రానికి గూగూడు పోదామా అన్నా? బాడుగొద్దు, డీజిల్ పోపిచ్చండి సాలు.'

దూదేకుల మిత్రుడు వాళ్లమ్మ కోసం ముందు సీటు ఉంచమన్నాడు. సయ్యద్ మిత్రుడు తానూ వస్తానన్నాడు, చావిడిలోకి మాత్రం రానన్నాడు.